క్రూసేడ్ల కాలం నాటి క్రైస్తవులు, ముస్లింల చరిత్ర ఎలా చదవాలి, పదిమందికి ఎలా చెప్పాలి

క్రూసేడ్లంటే జెరూసలేం కోసం పోపు పిలుపు మీద యూరప్ క్రైస్తవులు చేసిన దండయాత్రలు. చాలామంది ఈ సబ్జెక్ట్‌ని 1095 దగ్గర మొదలుపెడతారు. పోపు రెండో అర్బన్ క్లెర్మాంట్‌లో ఉపన్యాసం ఇచ్చాడు, జనం బట్టల మీద శిలువ గుర్తు కుట్టుకుని బయల్దేరారు, 1099లో జెరూసలేం పట్టుకున్నారు, 1187లో ముస్లిం సుల్తాన్ సలాహుద్దీన్ మళ్ళీ తీసుకున్నాడు, 1291లో క్రైస్తవుల చేతిలో ఉన్న అక్కా (ఏకర్) అనే రేవు పట్నం పోయింది, కథ కంచికి మనం ఇంటికి. పరీక్షలో నాలుగు మార్కులకి ఇది చాలేమో గానీ, ఇట్లా చదివితే ఆ రెండొందల ఏళ్ళూ జనం తెల్లారి లేచి కత్తులు పట్టుకోవడం తప్ప ఇంకో పని చేయలేదనిపిస్తుంది. పంట ఎవరు కోశారు, సరుకు ఎవరు కొన్నారు, జ్వరమొస్తే ఏ వైద్యుడి దగ్గరికి పోయారు, ఇవేవీ ఆ కథలో ఉండవు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో పద్దులు రాస్తాను, సాయంత్రం పూట మా వైపు డిగ్రీ పిల్లలకి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళకి హిస్టరీ చెప్తుంటాను. వచ్చేవాళ్ళలో ఆదివారం ఆరాధనకి పోయేవాళ్ళు ఉంటారు, శుక్రవారం జుమ్మాకి పోయేవాళ్ళు ఉంటారు, రెండూ కానివాళ్ళూ ఉంటారు. ఈ ఒక్క చాప్టర్ వచ్చేసరికి మాత్రం క్లాసులో గాలి మారిపోతుంది, ఎవడో ఒకడు ఫోన్‌లో చూసిన వీడియో ఎత్తుతాడు, ఇంకొకడు దానికి ఇంకో వీడియోతో జవాబు చెప్తాడు, కాసేపటికి పన్నెండో శతాబ్దం కాస్తా మన గుంటూరు గొడవ అయిపోతుంది. అందుకని ఒక వరస కుదుర్చుకున్నా. ఇక్కడైనా బెజవాడలోనైనా కాలేజీ సెమినార్లోనో, చర్చి యూత్ మీటింగ్‌లోనో, అపార్ట్‌మెంట్ పిల్లలకో చెప్పాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు మ్యాపు

ఒక పెద్ద చార్టు మీద మధ్యధరా సముద్రం గీయండి, అందంగా రాకపోయినా పర్లేదు. దాని చుట్టూ ఆరు చోట్లు గుర్తుపెట్టండి: స్పెయిన్, సిసిలీ, ఈజిప్ట్, సిరియా–పాలస్తీనా, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్), కొంచెం లోపలికి బాగ్దాద్. ఎవరు ఏ సంగతి చెప్పినా ముందు ఈ ఆరింటిలో ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ సంగతి పక్కన పెట్టేయండి, సగం తగువు అక్కడే చల్లారుతుంది.

తర్వాత కాలం. ఖలీఫా ఉమర్‌కి జెరూసలేం లొంగిపోయింది 638 ప్రాంతంలో, స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం గ్రెనడా పడిపోయింది 1492లో. మన లెక్కలో చెప్పాలంటే వేంగిలో తూర్పు చాళుక్యులు కొత్తగా కుదురుకుంటున్న రోజుల నుంచి కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి కొంచెం ముందు దాకా అనమాట. ఈ మధ్యలో మన నేల మీద చాళుక్యులు పోయారు, కాకతీయులు వచ్చారు పోయారు, కొండవీడు రెడ్లు వచ్చారు పోయారు. ఇదంతా కలిపి ఎవడైనా "అప్పట్లో తెలుగోళ్ళు ఇట్లా ఉండేవాళ్ళు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మనం ఊరుకుంటామా, ఊరుకోం కదా. "మధ్యయుగంలో ముస్లింలు క్రైస్తవుల్ని ఇట్లా చూసేవాళ్ళు" అనే మాట కూడా అట్లాంటిదే, దాంట్లో ఎనిమిదిన్నర వందల ఏళ్ళూ ఆరు దేశాలూ కూరి పెట్టేశారు.

సుంకం కట్టిన చోట మొదలుపెట్టండి

నా పద్ధతిలో అసలు కిటుకు ఇదే. యార్డులో ఇరవై ఏళ్ళ నుంచి మాట్లాడుకోని రెండు ఇళ్ళవాళ్ళ మిర్చి టిక్కీలు (బస్తాలు) కూడా ఒకే కాటా ఎక్కుతాయి, ఒకే పుస్తకంలో రాయబడతాయి, వాళ్ళ సంగతి తెలియాలంటే నేనైతే వాళ్ళ నోటి మాట కన్నా ఆ పుస్తకం చూస్తాను. క్రూసేడ్లకి కూడా అట్లాంటి పుస్తకం లాంటి మనిషి ఒకడున్నాడు, ఇబ్న్ జుబైర్ అని. స్పెయిన్‌లో గ్రెనడా గవర్నర్ దగ్గర పనిచేసేవాడు, 1183లో హజ్‌కి బయల్దేరాడు, తిరుగు ప్రయాణంలో 1184లో దమాస్కస్ నుంచి క్రైస్తవుల చేతిలో ఉన్న అక్కా రేవుకి వర్తకుల బిడారుతో కలిసి వచ్చాడు. చూసిందంతా రాసిపెట్టాడు.

ఆ సమయానికే సలాహుద్దీన్ కెరక్ కోట ముట్టడిలో ఉన్నాడు. అంటే రెండు సైన్యాలూ కొట్టుకుంటున్నాయి, అదే రోజుల్లో ముస్లిం బిడార్లు క్రైస్తవుల నేల మీదుగా పోతున్నాయి, క్రైస్తవ వర్తకులు ముస్లింల ఊళ్ళకి పోతున్నారు, ఎవరి సుంకం వాళ్ళు కడుతున్నారు, ఎవరూ ఎవరినీ ఆపట్లేదు. ఇది చూసి ఆయనకే ఆశ్చర్యమేసింది, సైనికులు యుద్ధం చూసుకుంటారు, జనం సుఖంగా ఉంటారు అన్నట్టు రాశాడు.

అక్కాలో సుంకం ఆఫీసు దగ్గర పిల్లల్ని కాసేపు ఆపండి. రాతి అరుగులు, వాటి మీద తివాచీలు, వాటి మీద కూర్చున్న క్రైస్తవ గుమస్తాలు, వాళ్ళ ముందు బంగారు పని చేసిన నల్లచేవ కర్ర సిరాబుడ్లు. రాసేది అరబ్బీలో, మాట్లాడేది అరబ్బీలో. వాళ్ళ పెద్ద ఆ సుంకం వసూలు కాంట్రాక్టుకి తీసుకున్నవాడు, మన సంతల్లో ఆశీలు పాట పాడుకున్నట్టు. సరుకు లేనివాళ్ళ మూటలు కూడా విప్పి చూశారంట ఏమన్నా దాచారేమోనని, కానీ అదంతా మర్యాదగానే జరిగింది, దురుసుతనం లేదు అని ఇబ్న్ జుబైరే రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో సామరస్యం కోసం అల్లిన కథ కాదిది, ఆ రోజుల్లో ఆ లైన్లో నిలబడినవాడు రాసింది.

దారిలో ముస్లిం రైతుల గురించి కూడా రాశాడు, ఫ్రాంకు దొరల (యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవుల) కింద ఉన్నవాళ్ళు కోతల్లో సగం పంట ఇస్తారు, తలకి ఒక దీనారు (బంగారు నాణెం) అయిదు కీరాట్లు (దీనారులో చిన్న భాగాలు) పన్ను కడతారు, పండ్ల చెట్ల మీద చిన్న పన్ను, అంతకుమించి వాళ్ళ జోలికి రారు, ఇళ్ళు వాళ్ళవే. పక్క ఊళ్ళలో సొంత మతం దొరల కింద ఉన్న రైతులు వీళ్ళని చూసి మనసు చెదిరిపోతున్నారని ఆయన బాధ. ఈ ముక్క చదివాక క్లాసులో చర్చి పిల్లలు కొంచెం ఛాతీ విరుస్తారు. అప్పుడు ఆపకుండా అదే మనిషి రాసిన ఇంకో ముక్క కూడా చదవండి: అదే నేల మీద సంకెళ్ళతో వెట్టి చేస్తున్న ముస్లిం ఖైదీల్ని చూశాడు, కాళ్ళకి ఇనప కడియాలతో ఉన్న ఆడవాళ్ళని చూశాడు, గుండె తరుక్కుపోయిందన్నాడు. ఒకే ప్రయాణం, ఒకే కలం. ఒకటి చెప్పి ఇంకోటి దాచారంటే మీరూ ఆ వీడియోలవాళ్ళ జాబితాలో చేరిపోయినట్టే.

పన్నుల దగ్గరే ఉండి జిజియా సంగతి తేల్చేయండి, ఎందుకంటే ఎవరో ఒకరు అడుగుతారు. ముస్లిం రాజ్యంలో క్రైస్తవులు, యూదులు తలపన్ను కట్టాలి, హనఫీ అనే న్యాయ సంప్రదాయం పెద్దలు చెప్పిన లెక్క ప్రకారం ఏడాదికి ఉన్నవాడు 48 దిర్హాములు (వెండి నాణేలు), మధ్యరకం వాడు 24, కష్టం చేసుకునేవాడు 12. ఆడవాళ్ళకి, పిల్లలకి లేదు. కట్టినందుకు ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకి రక్షణ ఉంటుంది, కానీ ముస్లింతో సమానమైన హోదా మాత్రం రాదు, ఇది సూటిగా చెప్పాలి, నీళ్ళు నమలొద్దు. ఇప్పుడు తమాషా ఏంటంటే సిసిలీని నార్మన్ క్రైస్తవులు గెలుచుకున్నాక అదే పన్ను తిప్పి ముస్లింల మీద వేశారు, జెరూసలేం రాజ్యంలో ఇబ్న్ జుబైర్ చూసిన తలపన్ను కూడా అదే బాపతు. గద్దె మీద మతం మారింది గానీ పద్దు అట్లాగే ఉంది. పద్దులు రాసేవాణ్ణి కాబట్టి నాకిది భలే నచ్చుతుంది.

రాసినవాడు ఎవడు, ఎప్పుడు రాశాడు

ఇది కొంచెం ఓపిగ్గా చేయాల్సిన పని. క్లెర్మాంట్ ఉపన్యాసం తీసుకోండి. పోపు ఏమన్నాడో రాసినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు, ఒకరు రాసింది ఇంకొకరిది కలవదు, అవి ఈ రూపంలో రాసింది కూడా జెరూసలేం గెలిచిన తర్వాతే. గెలిచాక రాసిన ఉపన్యాసం ఎట్లా ఉంటుందో ఎలక్షన్లు చూసిన మనకి వేరే చెప్పాలా. అట్లాగే ఉమర్ ఒప్పందం అని ఒకటి ప్రచారంలో ఉంటుంది, క్రైస్తవులు కొత్త చర్చి కట్టకూడదు, గుర్రమెక్కకూడదు, ముస్లింలలా బట్టలు కట్టకూడదు అని. అది ఉమర్ పేరు మీద ఉన్నా ఇప్పుడు మన చేతికొచ్చిన రూపం ఆయన తర్వాత చాలాకాలానికి తయారైందని ఎక్కువమంది చరిత్రకారుల మాట. పైగా కాగితం మీద కొత్త చర్చి కట్టొద్దని ఉన్నా బాగ్దాద్ లాంటి కొత్త ఊళ్ళలోనే చర్చిలు లేచాయి. అంటే నిబంధన అబద్ధం అని కాదు. 850లో ఖలీఫా ముతవక్కిల్ క్రైస్తవులు, యూదులు పసుపు రంగు గుర్తు వేసుకోవాలని హుకుం ఇచ్చాడు, 1301లో ఈజిప్ట్‌ని ఏలుతున్న మమ్లూకులు క్రైస్తవులకి నీలం తలపాగా తప్పనిసరి చేశారు. అటు 1215లో రోములో నాలుగో లాటరన్ సభ అనే చర్చి పెద్దల సభ కూర్చుని క్రైస్తవ రాజ్యాల్లో ఉన్న యూదులు, ముస్లింలు వేరే బట్టలతో కనపడాలని తీర్మానం చేసింది. ఎప్పుడు బిగించారు, ఎప్పుడు వదిలేశారు, బిగించినప్పుడు రాజుకి ఏం ఇబ్బందొచ్చింది అని అడగడం అలవాటు చేయండి.

చర్చి పిల్లలకి బాగా ఎక్కే ఉదాహరణ ఒకటుంది. 1099 జూలై 15న జెరూసలేం పట్టుకున్నప్పుడు రక్తం గుర్రాల కళ్ళేల దాకా వచ్చిందని క్రూసేడర్లతో వచ్చిన రేమండ్ అనే పాదిరీ రాశాడు. దాన్ని చూపించి ప్రకటన గ్రంథం 14వ అధ్యాయం 20వ వచనం తీయమనండి. "గుర్రముల కళ్లెము మట్టుకు" అనే మాట అక్కడ ఉంటుంది, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పట్టేస్తారు. ఆయన కొలిచి రాయలేదు, లేఖనం నెరవేరిందని చెప్పడానికి ఆ భాష వాడాడు. అయితే ఇక్కడే జాగ్రత్త, "చూశారా అయితే ఊచకోత జరగలేదు" అని ఒకడు లేస్తాడు. జరిగింది. ముస్లింలనీ చంపారు, యూదులనీ చంపారు, దీని మీద రెండు వైపుల రాతలూ కలుస్తాయి. తేడా అంకెల్లోనే, చాలా తర్వాత రాసిన ఇబ్న్ అల్ అసీర్ డెబ్భై వేలకి పైనే అన్నాడు, దగ్గరి కాలంవాడైన ఇబ్న్ అల్ అరబీ మూడు వేలు అన్నాడు. ప్రాణాలతో మిగిలినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళని విడిపించడానికి డబ్బు పోగుచేసిన యూదుల ఉత్తరాలు కైరోలో దొరికాయి. ఈ నాలుగు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి చరిత్ర అంటే ఏంటో ఒక్క గంటలో అర్థమైపోతుంది.

రెండు పక్షాలు అనుకుంటే బోల్తా పడతారు

మన గుంటూర్లో లూథరన్, ఆర్‌సీఎం, బాప్టిస్టు, పెంతెకోస్తు అందరినీ పట్టుకుని మీరంతా ఒకటేగా అంటే ఒక్కరు ఒప్పుకోరు. అప్పట్లోనూ అంతే. సిరియాలో యాకోబైట్లు, ఈజిప్ట్‌లో కోప్టులు, ఇరాక్‌లో తూర్పు సంఘంవాళ్ళు, ఆర్మేనియన్లు, గ్రీకులు, వీళ్ళంతా అక్కడ పుట్టి పెరిగిన క్రైస్తవులు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫ్రాంకులకి వీళ్ళ ప్రార్థనే అర్థం కాదు. 1099 ముట్టడికి ముందు, అప్పుడు జెరూసలేం ఏలుతున్న ఈజిప్ట్ ఫాతిమీల గవర్నర్ స్థానిక క్రైస్తవుల్ని ఊరి నుంచి పంపించేశాడు, 1187లో సలాహుద్దీన్ తూర్పు క్రైస్తవుల్ని పన్ను కట్టి ఊళ్ళోనే ఉండనిచ్చాడు. మరి వీళ్ళు ఏ పక్షం?

ముస్లింల వైపూ అదే వరస. కైరోలో షియా ఫాతిమీలు, సిరియాలో సున్నీ సెల్జూకులు, వాళ్ళలో వాళ్ళకి పడదు. క్రూసేడర్లు జెరూసలేం రావడానికి దాదాపు ఒక ఏడాది ముందు 1098లో ఫాతిమీలు జెరూసలేంని తోటి ముస్లింల దగ్గర్నుంచే లాక్కున్నారు. 1140లో దమాస్కస్ ముస్లిం పాలకుడు జెంగీ అనే ఇంకో ముస్లింకి భయపడి జెరూసలేం క్రైస్తవ రాజుతో చేతులు కలిపాడు. ఇంక 1204 సంగతి చెప్పనక్కర్లేదు, నాలుగో క్రూసేడ్ జెరూసలేం దాకా పోనేలేదు, క్రైస్తవుల ఊరైన కాన్‌స్టాంటినోపుల్‌ని క్రైస్తవులే దోచుకున్నారు. మసీదు పిల్లలు ఇది విని నవ్వుతారు, నవ్వనివ్వండి, తర్వాత 1098 మళ్ళీ గుర్తుచేయండి.

పక్కపక్కన కూర్చున్నవాళ్ళు

ఈ భాగానికి టైం ఎక్కువ ఇవ్వండి, సరుకు బోలెడుంది. బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ వైద్యుడు, 873లో చనిపోయాడు, గేలెన్ రాసిన గ్రీకు వైద్య గ్రంథాల్ని సిరియాక్‌లోకి, అరబ్బీలోకి తెచ్చాడు, డబ్బిచ్చి చేయించుకున్నవాళ్ళలో ముస్లిం పెద్దలున్నారు. ఆ అరబ్బీ చదువు మళ్ళీ స్పెయిన్‌లో టొలీడో దగ్గర లాటిన్‌లోకి పోయింది, ఇటలీ నుంచి వచ్చిన గెరార్డ్ అనే ఆయన ఒక్కడే డెబ్భైకి పైగా గ్రంథాలు మార్చాడు. సిసిలీలో రెండో రోజర్ అనే క్రైస్తవ రాజు కోసం అల్ ఇద్రీసీ అనే ముస్లిం 1154లో ప్రపంచ పటం తయారుచేశాడు, దాంట్లో దక్షిణం పైన ఉంటుంది, మ్యాపు తిప్పి చూడమంటే పిల్లలకి సరదా. ఆ రాజు రాజవస్త్రం అంచు చుట్టూ అరబ్బీ అక్షరాలే, తేదీ కూడా హిజ్రీ 528 అని వేశారు. అయితే అదే సిసిలీ ముస్లింల చివర ఏమైందో కూడా చెప్పండి, రోజర్ మనవడు రెండో ఫ్రెడరిక్ వాళ్ళని ఇటలీలో లూచెరా అనే ఊరికి తరలించాడు, 1300లో ఆ ఊరిని ఖాళీ చేయించి జనాన్ని బానిసలుగా అమ్మేశారు.

ఎక్కువసేపు ఆగాల్సింది తిమోతి దగ్గర. తూర్పు సంఘం పెద్ద, పాట్రియార్క్ మొదటి తిమోతి, 781–82 ప్రాంతంలో ఖలీఫా మహ్దీ ముందు రెండు రోజులు కూర్చుని మాట్లాడాడు. ఖలీఫా సూటిగా అడిగేశాడు, ముహమ్మద్ గురించి నువ్వేమంటావ్ అని. ఆలోచించండి, ఎదురుగా ఉన్నది రాజు, అవునంటే తన విశ్వాసం పోతుంది, కాదంటే ఏం జరుగుతుందో తెలీదు. తిమోతి ఏమన్నాడంటే, ఆయన ప్రవక్తల దారిలో నడిచాడు, జనాన్ని విగ్రహాల నుంచి ఒక్క దేవుడి వైపు తిప్పాడు, చెడు మాన్పించి మంచి నేర్పాడు, అందుకని గౌరవానికి తగినవాడు అన్నాడు. ప్రవక్త అనలేదు, ప్రవక్తల దారిలో నడిచాడు అన్నాడు. తర్వాత ముత్యం కథ చెప్పాడు. చీకటి ఇంట్లో ఒక ముత్యం పడింది, ఉన్నవాళ్ళందరూ తడుముతున్నారు, ఒకడి చేతికి ముత్యం దొరికింది, ఇంకొకడికి గాజుముక్క, ఇంకొకడికి రాయి, అందరూ నాదే ముత్యం అనుకుంటున్నారు, వెలుగొస్తే గానీ తేలదు. ఇది మనకి చేరింది తిమోతి సొంతంగా రాసుకున్న ఉత్తరం వల్ల, కాబట్టి ఆయన జవాబులు అంత చక్కగా కుదరడంలో కొంత చెయ్యి ఆయనదే అయ్యుండొచ్చు, పైన చెప్పిన పరీక్ష ఇక్కడ కూడా పెట్టాలి. కానీ అప్పటివాళ్ళు ఇట్లాంటి సంభాషణ జరగొచ్చు అని నమ్మారు, రాసి పంచుకున్నారు, అది తక్కువ సంగతేం కాదు.

ఇంకో మనిషి ఉసామా, సిరియాలో షైజర్ కోట కుటుంబంవాడు, 1095లో పుట్టి 1188 దాకా బతికాడు. జెరూసలేం పోయినప్పుడు అక్సా మసీదు పక్కన చిన్న మసీదు ఉండేది, ఫ్రాంకులు దాన్ని చర్చి చేసుకున్నారు, అక్కడుండే టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి యోధులు తన స్నేహితులంట, నమాజు చేసుకోమని చోటు ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు. ఒకరోజు తక్బీర్ (అల్లాహు అక్బర్) చెప్పి నిలబడగానే ఒక ఫ్రాంకు వచ్చి భుజాలు పట్టుకుని తూర్పుకి తిప్పి ఇట్లా ప్రార్థన చెయ్యి అన్నాడు. టెంప్లర్లు వచ్చి వాణ్ణి లాగేశారు. వాళ్ళు అటు తిరగ్గానే మళ్ళీ వచ్చి మళ్ళీ తిప్పాడు. ఈసారి బయటికి నెట్టేసి ఉసామాకి సారీ చెప్పారు, ఈ మధ్యే ఊర్నుంచి దిగాడు, తూర్పుకి తిరక్కుండా ప్రార్థన చేసేవాణ్ణి ఎప్పుడూ చూళ్ళేదు అని. కొత్తగా వచ్చినోళ్ళు పాతోళ్ళ కన్నా మోటుగా ఉంటారని ఉసామా తీర్పు. ఇదే ఉసామా ఫ్రాంకుల పేరెత్తినప్పుడల్లా దేవుడు వాళ్ళని శపించుగాక అని కూడా రాస్తాడు. స్నేహమూ ఉంది, శాపమూ ఉంది, రెండూ కలిపే మనిషి.

చావుల గురించి చెప్పేటప్పుడు

ఇటు ఒకటి అటు ఒకటి అని తూకం వేయొద్దు, నాకైతే అది పరమ చెత్త పద్ధతి. 1009లో ఫాతిమీ ఖలీఫా హాకిమ్ జెరూసలేంలో క్రీస్తు సమాధి చర్చి పడగొట్టించాడు, దానికి కారణాలు కైరోలో, ఆ మనిషిలో వెతకాలి, ఆయన పోయాక ఫాతిమీలే ఒప్పందం చేసుకుని కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే బైజాంటైన్ చక్రవర్తుల డబ్బుతో మళ్ళీ కట్టనిచ్చారు. 1191లో ఇంగ్లాండ్ రాజు రిచర్డ్ అక్కా దగ్గర దాదాపు 2,700 మంది ఖైదీల్ని నరికించాడు, దానికి కారణం విడుదల సొమ్ము చెల్లింపు దగ్గర తేడా రావడం. 1268లో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ క్రైస్తవుల చేతిలో ఉన్న ఆంటియోక్ పట్టుకుని ఊచకోత చేశాడు. ఒకదానికి ఇంకోటి జవాబు అని చెప్తే మీరు కూడా ఆ వీడియోల తగువులోకి దిగిపోయినట్టే.

సలాహుద్దీన్‌ని దేవుణ్ణి చేసే అలవాటు కూడా తగ్గించండి. 1187 అక్టోబర్ 2న జెరూసలేం తీసుకున్నప్పుడు ఊచకోత చేయలేదు, నిజం. కానీ ముందు కత్తితోనే తీసుకుంటానన్నాడు, లోపల ఊరిని కాపాడుతున్న క్రైస్తవ దొర బాలియన్ మేం చచ్చేముందు ముస్లిం ఖైదీల్ని చంపుతాం, ముస్లింలకి పవిత్రమైన రాతి గుమ్మటం కూల్చేస్తాం అని బెదిరించాకే బేరానికొచ్చాడు. మగవాడికి పది దీనార్లు, ఆడమనిషికి అయిదు, పిల్లలకి ఒకటో రెండో. కట్టలేని వేలమంది బానిసలయ్యారు, ఆయన తమ్ముడు ఆదిల్ వెయ్యి మందిని అడిగి తీసుకుని వదిలేశాడు. అంతకుముందు జూలైలో హత్తీన్ యుద్ధం తర్వాత దొరికిన టెంప్లర్లనీ, అట్లాంటి సన్యాసి యోధులే అయిన హాస్పిటలర్లనీ చంపించాడు. ఇన్ని చెప్పినా 1099తో పోలిస్తే తేడా తేడానే, దాన్ని మాయం చేయక్కర్లేదు.

యుద్ధం లేకుండా జెరూసలేం చేతులు మారిన సంగతి కూడా చెప్పండి, ఇది చాలామంది వినుండరు. 1229లో పోపు వెలివేసిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, ఈజిప్ట్ సుల్తాన్ కామిల్ ఇద్దరూ పదేళ్ళ ఒప్పందం రాసుకున్నారు, ఊరు క్రైస్తవులకి, అక్సా, గుమ్మటం ఉన్న ఆవరణ ముస్లింలకి. ఇద్దరినీ సొంతవాళ్ళే తిట్టిపోశారు, దమాస్కస్ మసీదులో జనం ఏడ్చేలా ప్రసంగాలు జరిగాయి, జెరూసలేం పాట్రియార్క్ అయితే ఊళ్ళో ఆరాధనలే ఆపించాడు.

మన దగ్గరి రేకులు

జెరూసలేం దూరం అనుకునేవాళ్ళకి కొల్లం చూపించండి. 849లో కేరళ కొల్లంలో తరిసా చర్చికి వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు, ఆ హక్కుల్లో ఊరి తూనికలు, ముద్రలు చూసుకునే పని కూడా ఉంది. కింద సాక్షి సంతకాలు చూడండి, కూఫీ అనే పాత అరబ్బీ లిపిలో ముస్లింలవి, పహ్లవీలో (పాత పారసీకంలో) కొన్ని, హీబ్రూ అక్షరాల్లో యూదులవి. ఫొటో నెట్‌లో దొరుకుతుంది, పెద్ద ప్రింట్ తీయించి గోడకి అంటించండి. చర్చి హక్కుల పత్రానికి ముస్లిం వర్తకుల సాక్షి సంతకం, అదీ క్లెర్మాంట్ ఉపన్యాసానికి దాదాపు రెండొందల యాభై ఏళ్ళ ముందు. నా క్లాసులో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని మీదే.

కూర్చోబెట్టి చెప్పేటప్పుడు చిన్న చిన్నవి

చర్చి హాల్లో వద్దు, మసీదు గదిలో వద్దు, ట్యూషన్ సెంటరో, లైబ్రరీ గదో చూసుకోండి. ఆదివారం పొద్దున, శుక్రవారం మధ్యాహ్నం పెట్టొద్దు, రంజాన్ నెలైతే సాయంత్రం అసలే వద్దు. చర్చి అయ్యగారినీ మౌల్వీ గారినీ ముందే కలిసి ఏం చెప్పబోతున్నారో చెప్పండి, పర్మిషన్ కోసం కాదు, తర్వాత వేరేవాళ్ళ నోట వినకుండా ఉండటానికి. చాలాసార్లు వాళ్ళే ఇంకో నాలుగు సంగతులు చెప్తారు. అటువాళ్ళ పేర్లు అటువాళ్ళు పలికినట్టే పలకండి, ముహమ్మద్ ప్రవక్త అనండి, ప్రభువైన యేసు అని చర్చి పిల్లాడు అంటే మధ్యలో ఆపి సరిదిద్దకండి. "మీవాళ్ళు", "మావాళ్ళు" అనే మాటలు మాత్రం గదిలోకి రానివ్వొద్దు, ఎవరన్నా అంటే మ్యాపు దగ్గరికి పిలిచి ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడగండి, తిట్టొద్దు. పుస్తకాల కోసం బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు, జనవరిలో పుస్తక మహోత్సవం ఉండనే ఉన్నాయి, ఇబ్న్ జుబైర్, ఉసామా రాతలు ఇంగ్లీషులో దొరుకుతాయి, రెండు పేజీలు మీరే తెలుగులో చెప్పి జిరాక్స్ పంచండి.

1492లో పడిపోయిన గ్రెనడా తర్వాత ఏమైందో చెప్పి ఆపేయండి. 1491 ఒప్పందంలో గ్రెనడా ముస్లింలకి మతం, మసీదులు, ఖాజీలు అన్నీ ఉంటాయని రాసిచ్చారు, 1499లో సిస్నెరోస్ అనే ఆర్చ్‌బిషప్ వచ్చి బలవంతపు బాప్తిస్మాలు మొదలుపెట్టాడు, 1502లో కాస్టీల్ మొత్తానికి మతం మారు లేకపోతే వెళ్ళిపో అన్నారు. ఇది చెప్పగానే ఎవరో ఒకరు ఇప్పటి రాజకీయాలు లాగుతారు, ఖాయం. దానికి ఇంకో సాయంత్రం పెడదాం అని చెప్పి టీలు తెప్పించేయండి.